1966 మస్టాంగ్‌కి గ్రానడా స్పిండిళ్లు వేయొచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను, మిగతా వాళ్లకీ అర్థమవుతుంది. తమ్ముడు డాలస్ దగ్గర ఉంటున్నాడు. 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాడు, 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల బండి. దాంట్లో 289 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, వేద్దామని ఇంజన్ తెచ్చి గరాజ్‌లో పెట్టుకున్నాడు. చక్రానికి నాలుగేసి బోల్టులు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. వీ8 వేశాక ఆ బ్రేకులు ఆపలేవేమోనని టెన్షన్. ఈలోగా ఎవరో 1978 ఫోర్డ్ గ్రానడా ముందు చక్రాలని మోసే స్పిండిళ్లు, డిస్కులూ, వాటిని నొక్కి పట్టే కాలిపర్లూ అన్నీ కలిపి 200 డాలర్లకి ఇస్తానన్నారట. "అన్నా, అందరూ నేరుగా బిగుస్తాయనే అంటున్నారు, తీసుకోమంటావా?" అని అడిగాడు.

బిగుస్తాయి తమ్ముడూ. పై బాల్ జాయింట్‌కీ (అన్ని వైపులకీ తిరిగే గుండ్రటి కీలు) పడుతుంది, కింది బాల్ జాయింట్‌కీ పడుతుంది. ఒక శనివారం పొద్దున మొదలుపెడితే భోజనం వేళకి చక్రాలు కూడా ఎక్కించేస్తావు. అయినా తీసుకోవద్దనే చెప్తాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, కాఫీ పెట్టుకుని కూర్చో.

అసలు ఒక బండి సామాను ఇంకో బండికి ఎందుకు పడుతుందో చూద్దాం. ఫోర్డ్ వాళ్లు 1960 మోడల్‌గా ఫాల్కన్ అనే చిన్న కారు తెచ్చారు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్‌ని జనానికి చూపించినప్పుడు పైన చొక్కా కొత్తది, లోపల ఒళ్లు చాలావరకు ఫాల్కన్‌దే. ముందు చక్రాల దగ్గర కింద ఒకే ఒక సన్నటి కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చెయ్యి), అది ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకోవడానికి ముందు వైపు నుంచి ఒక స్ట్రట్ రాడ్. పైన ఏ ఆకారంలో ఇంకో ఆర్మ్. కాయిల్ స్ప్రింగ్ ఆ పై ఆర్మ్ నెత్తిన కూర్చుని షాక్ టవర్‌లోకి, అంటే ఇంజన్ పక్కనున్న రేకు గూడులోకి, దూరుతుంది, షాక్ అబ్జార్బర్ దాని మధ్యలో. వెనకాల లీఫ్ స్ప్రింగులు, అంటే మన లారీల వాళ్లు కమాన్ పట్టీలు అనేవి. ఇదే అమరిక ఫాల్కన్, కామెట్, మస్టాంగ్, ఆ తర్వాత కూగర్, 1969లో వచ్చిన మావరిక్, 1975 నుంచి 1980 దాకా నడిచిన గ్రానడా, దాని తోబుట్టువు మెర్క్యురీ మోనార్క్, అన్నింట్లోనూ కనిపిస్తుంది. అందుకే జంక్‌యార్డ్‌కి వెళ్లినవాడికి ఇవన్నీ ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. ఒకడి చొక్కా ఇంకొకడికి పడుతుందనిపిస్తుంది. పడుతుంది కూడా, భుజాల దగ్గర తప్ప.

ఆ భుజాలే ఇక్కడి అసలు గొడవ.

స్పిండిల్ అంటే మనవైపు మెకానిక్కులు నకుల్ అనే ఆ ఇనప దిమ్మ. దానికి మూడు చోట్ల పని ఉంటుంది. పైన ఒక బాల్ జాయింట్, కింద ఒక బాల్ జాయింట్, పక్కకి పొడుచుకొచ్చిన స్టీరింగ్ ఆర్మ్‌కి టై రాడ్, అంటే స్టీరింగ్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ. పైదీ కిందదీ సరిపోగానే జనం "పట్టేసింది" అంటారు. మూడో చోటు గురించి ఎవరూ అడగరు. బండి తిన్నగా పోవాలా వద్దా అని తేల్చేది మాత్రం ఆ మూడోదే.

చక్రం గుంతలో దిగినా మిట్ట ఎక్కినా కింది ఆర్మ్ చివర ఒక వంపులో తిరుగుతుంది. టై రాడ్ చివర కూడా ఇంకో వంపులో తిరుగుతుంది. ఈ రెండు వంపులూ ఒకదానితో ఒకటి సరిపోతే చక్రం పైకి లేచినా ముఖం తిప్పదు. సరిపోకపోతే? ఒక చెయ్యి పొట్టిగా, ఒక చెయ్యి పొడుగ్గా ఉన్నవాడు పళ్లెం పైకెత్తితే అది ఎలా ఓ పక్కకి తిరుగుతుందో, చక్రం అలా తిరుగుతుంది. నువ్వు స్టీరింగ్ తిప్పలేదు, రోడ్డు తిప్పింది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. టై రాడ్ స్పిండిల్‌ని ఎంత ఎత్తులో పట్టుకుందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. అర అంగుళం తేడా కూడా తెలిసిపోతుంది. గ్రానడా స్పిండిల్ మీద ఆ స్టీరింగ్ ఆర్మ్ ఉన్న చోటు గ్రానడా లింకేజీకి తగ్గట్టు చేసింది. నీ 66 లింకేజీ వేరు, ఆర్ముల పొడుగు వేరు. పైగా గ్రానడా ఆర్మ్‌లో టై రాడ్ దూరే కన్నం కూడా పెద్దది. నీ టై రాడ్ అందులో పెడితే బావిలో చెంబు పడ్డట్టు లోపలికి దిగిపోతుంది. దానికి వేరే టై రాడ్ ఎండో, కన్నాన్ని చిన్నది చేసే టేపర్ (కొన వైపు సన్నబడే) స్లీవో కావాలి. ఇన్ని చేశాక కూడా ఎత్తు సమస్య అలాగే ఉంటుంది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 2003లో మిషిగన్‌లో ఒక స్నేహితుడి 1965 కారుకి ఇదే పని నేను చేతులారా చేశాను. అప్పట్లో ఈ బండ్లకి కొత్త డిస్క్ బ్రేకుల సెట్లు మా జేబులకి అందే ధరలో ఉండేవి కావు. గ్రానడాలు మాత్రం ప్రతి యార్డులోనూ తుప్పుపట్టి దొరికేవి. స్పిండిళ్లు తెచ్చాం, కడిగాం, రంగు వేశాం, బిగించాం. వీధిలో రెండు చుట్లు కొట్టాం, బ్రేకు గట్టిగా తొక్కితే సీటు బెల్టు ఛాతీకి పట్టేసింది. ఇద్దరం సంబరపడిపోయాం. సాయంత్రం హైవే ఎక్కాక ఒక వంతెన వచ్చింది. వంతెన మొదట్లో కాంక్రీటు పలకల మధ్య ఉండే అతుకు మీదకి ముందు చక్రాలు ఎక్కగానే బండి ఎడమ లేన్‌లోకి ఒక అడుగు దూకింది. వంతెన దిగేటప్పుడు కుడివైపుకి. నా చేతులు స్టీరింగ్ మీద కదల్లేదు. మిషిగన్ చలికాలం రోడ్లని ఏం చేస్తుందో అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు, ప్రతి యాభై గజాలకీ ఒక పగులు. ఇంటికి చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్లాం. అక్కడి అబ్బాయి కంప్యూటర్ మీద అన్నీ పచ్చగా చూపించి, అంతా కరెక్టుగా ఉందని బిల్లు చేతిలో పెట్టాడు. అతని తప్పేమీ లేదు. అలైన్‌మెంట్ యంత్రం బండి నిలబడి ఉన్నప్పుడు కొలుస్తుంది. చక్రం పైకీ కిందకీ కదిలితే ఏమవుతుందో అది చూడదు. మనమే చూసుకోవాలి.

ఎలా చూసుకోవాలో చెప్తాను, ఖర్చు పెద్దగా ఏమీ లేదు. బండిని స్టాండ్ల మీద ఎత్తి పెట్టు. స్ప్రింగ్ తీసేయ్. దాని గురించి ఒక హెచ్చరిక: ఈ బండ్లలో స్ప్రింగ్ పై ఆర్మ్ మీద నొక్కుకుని ఉంటుంది, షాక్ టవర్ పైనుంచి దూర్చే లోపలి రకం కంప్రెసర్‌తోనే తీయాలి. అద్దెకి తెచ్చిన అరిగిపోయిన మరలతో ప్రయోగాలు చేయకు. స్ప్రింగ్ జారితే పళ్లు రాలగొట్టి వదిలే రకం కాదు, ప్రాణాలే తీస్తుంది. తీశాక స్టీరింగ్‌ని సరిగ్గా మధ్యలో కట్టేయ్. హబ్‌కి రెండు నట్లతో ఒక ప్లైవుడ్ ముక్క నిలువుగా బిగించు. దాని మీద, బండి ముందువైపుకి చూసేట్టు, పిల్లులని ఆడించే ఆ చవక లేజర్ ఒకటి టేపుతో అంటించు. పదడుగుల దూరంలో గోడకి తెల్ల కాగితం. ఇప్పుడు కింది బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి అర అంగుళం చొప్పున లేపుతూ, ఎర్ర చుక్క పడ్డ చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టు. చుక్కలు కలిపితే గీత దాదాపు నిలువుగా ఉండాలి. ఆ 65 బండి గీత కొడవలిలా వచ్చింది. రెండంగుళాలు లేపేసరికి టో, అంటే చక్రం ముఖం లోపలికో బయటికో తిరిగే కొలత, దాదాపు పావు అంగుళం మారిపోయింది. హైవే మీద మేం చూసింది అదే, గోడ మీద గీతలా కనిపించింది.

సరిచేద్దామని చాలా తంటాలు పడ్డాం. టై రాడ్ కింద వాషర్లూ స్పేసర్లూ పెట్టి చూశాం. ఒక పెద్దాయన స్టీరింగ్ ఆర్మ్‌ని వేడి చేసి వంచుకోమని సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయలేదు, నువ్వూ ఎప్పుడూ చేయకు. అది సమ్మెట దెబ్బలతో మలిచి గట్టిపరిచిన ఇనుము, మంట తగిలితే లోపల ఏమైందో బయటికి కనిపించదు. చివరికి గ్రానడావి పీకేసి 65 వీ8 స్పిండిళ్లు వేశాం. మళ్లీ లేజర్ పెట్టి చూస్తే గీత కాస్త వంగింది గాని కొడవలి పోయింది. ఆ కాస్త వంపు ఫ్యాక్టరీ నుంచే ఉండేది.

అందుకే నీకు చెప్పేది, నీ బండికి కావలసింది గ్రానడా కాదు, ఇంకో 65 లేదా 66 మస్టాంగ్. వీ8ది. నాలుగు బోల్టుల ఆరు సిలిండర్ల బండిని వీ8లాగా ఐదు బోల్టుల బండిగా మార్చడం అనేది ఫోర్డ్ వాళ్లే అదే ఫ్యాక్టరీ లైన్ మీద చేసిన పని, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఆ రెండేళ్లలో పై ఆర్ములూ కింది ఆర్ములూ ఆరు సిలిండర్లకీ వీ8కీ ఒకటే, అవి నీవే వాడుకో, బాల్ జాయింట్లు అరిగితే కొత్తవి వెయ్. మార్చాల్సింది స్పిండిళ్లు. వాటితోపాటు స్టీరింగ్ లింకేజీ మొత్తం: బయటి టై రాడ్లు, లోపలివి, రెంటినీ కలిపే సెంటర్ లింకు, ఐడ్లర్ ఆర్మ్, పిట్‌మన్ ఆర్మ్. ఆరు సిలిండర్ల టై రాడ్ ఎండ్లు సన్నవి, వీ8 స్పిండిల్ కన్నంలో కుదురుగా కూర్చోవు. రెంటినీ కలపడానికి అడాప్టర్ టై రాడ్లు అమ్ముతారు, పని నడిచిపోతుంది కూడా. కానీ వీ8 బరువుకి ఆ సన్నటి లింకేజీనే ఉంచుకోవడం నాకు నచ్చదు, నీ ఇష్టం. పిట్‌మన్ ఆర్మ్ కొనేముందు స్టీరింగ్ బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్ట్ మందం కొలువు. నీ ఏడాదిలో 1 అంగుళం ఉంటుంది, తర్వాతి ఏళ్ల బాక్సుల్లో 1⅛ అయింది. ఎవరైనా ఎప్పుడో బాక్సు మార్చి ఉంటే పుస్తకంలో ఉన్నది నీ బండిలో ఉండదు.

ఇంకో మాట. యార్డులో "మస్టాంగ్‌వే" అని 1967 తర్వాతి సామాను అంటగడతారు. 390 పెద్ద ఇంజన్ పట్టించడానికి 1967లో బండి ముందు భాగం వెడల్పు చేశారు. చక్రాల మధ్య దూరం 2 అంగుళాలు పెరిగింది, ఆర్ములు మారాయి, కాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలే కోణం) సర్దే పద్ధతి కూడా మారింది. నీ 66లో పై ఆర్మ్ వెనక షిమ్ములు, అంటే పలచటి రేకు ముక్కలు, పెట్టి సర్దాలి, 67 నుంచి కింది ఆర్మ్‌కి తిప్పే కామ్ బోల్ట్ వచ్చింది. మళ్లీ 1970 దగ్గర స్పిండిల్ మారింది, టై రాడ్ కన్నం పెద్దదైంది. పేరు ఒకటే, బండ్లు వేరు. నా దృష్టిలో 65-66 ఒక కుటుంబం, 67-69 ఒకటి, 70-73 ఒకటి. కుటుంబం దాటి సామాను తెచ్చినప్పుడల్లా లేజర్ బయటికి తీయాల్సిందే.

టై రాడ్ గాని బాల్ జాయింట్ గాని కన్నంలో సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ఒక చిట్కా. టేపర్ మీద పలచగా రంగు రాసి, కన్నంలో పెట్టి, చేత్తో నొక్కి ఒక్కసారి తిప్పి బయటికి తీయి. రంగు కన్నం పొడుగునా అంటితే టేపర్ సరిపోయింది. అంచు దగ్గర మాత్రం ఉంగరంలా అంటితే సరిపోలేదు, ఎంత బిగించినా వదులవుతుంది. దీనికి మెకానిక్కులు నీలం పేస్టు వాడతారు. ఒక ఆదివారం రాత్రి అది అయిపోతే నేను పూజగదిలోంచి కుంకుమ తెచ్చి రెండు చుక్కల నూనెలో కలిపి రాశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంట్లో పడ్డ చివాట్లు మాత్రం ఇంకా గుర్తున్నాయి.

ఇప్పుడు బ్రేకులు. డిస్కులే కావాలంటే 65-66 బండికి సరిపోయేలా చేసిన డిస్క్ సెట్లు ఇవాళ కొత్తవే దొరుకుతాయి. 1965లో ఫోర్డ్ వాళ్లే ఆప్షన్‌గా ఇచ్చిన నాలుగు పిస్టన్ల కెల్సీ-హేస్ కాలిపర్ల నమూనాలో చేసినవీ ఉన్నాయి, 1968 నుంచి వచ్చిన ఒక్క పిస్టన్ రకంవీ ఉన్నాయి. రెండూ పనిచేస్తాయి. కొనేముందు నీ చక్రాలు వాటి మీద పడతాయో లేదో చూసుకో, 14 అంగుళాల రిమ్ములన్నీ కాలిపర్‌ని దాటవు. గ్రానడా సెట్‌తో కూడా జనం ఈ విషయంలోనే మోసపోయేవాళ్లు.

కానీ డిస్కుల కంటే ముందు మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి తోసేది, మార్చు. నీ 66లో ఉన్నది ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్. నాలుగు చక్రాలకీ అదే నూనె. ఎక్కడో ఒక గొట్టం పగిలిందంటే పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది, నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 మోడళ్ల నుంచి రెండు గదులది వచ్చింది, ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఇంజన్ ఏది వేస్తావో తర్వాత, ముందు ఈ పని చెయ్. డిస్కులు వేస్తే వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ కావాలి, లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందు లాక్ అయి బండి గిర్రున తిరుగుతుంది. డ్రమ్ముల కోసం లైన్లో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఒకటి పాత మాస్టర్ సిలిండర్లలో ఉంటుంది. డిస్కుల వైపు అది ఉండకూడదు. ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూ వేడెక్కుతాయి.

స్ప్రింగులు కూడా వీ8వి వెయ్. ఇంజన్ బరువు తేడా ఉంది, పాతవే ఉంచితే ముక్కు దిగిపోతుంది, నువ్వు కొలిచిన లెక్కలన్నీ తప్పుతాయి.

స్పిండిళ్ల మీద మిగిలిన డబ్బుతో కాదు, ఖర్చే లేకుండా చేసుకోగలిగింది ఒకటి ఉంది, ఈ బండికి నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. ఫోర్డ్‌లో క్లాస్ ఆర్నింగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. పై ఆర్మ్ షాక్ టవర్‌కి బిగిసే చోటుని 1 అంగుళం కిందకి దించితే మలుపులో బయటి చక్రం సరైన వైపుకి వాలుతుందని లెక్కగట్టాడు. మామూలు మస్టాంగ్‌లో ఆ ఖర్చు కూడా ఎందుకని కంపెనీ వదిలేసింది. మస్టాంగ్‌లని రేసు బండ్లుగా మార్చిన కారల్ షెల్బీ వాళ్లు తమ 1965 జీటీ350 బండ్లకి మాత్రం ఇది చేశారు, 1966 బండ్లలో మధ్యలో ఖర్చు తగ్గించుకోవడానికి మానేశారు. అందుకే దీన్ని కొందరు షెల్బీ డ్రాప్ అంటారు, కొందరు ఆర్నింగ్ డ్రాప్ అంటారు. పేరు దక్కాల్సింది ఆర్నింగ్‌కే అని నా అభిప్రాయం.

చేసేది ఇలా. పై ఆర్మ్ విప్పేశాక షాక్ టవర్ పక్కన రెండు కన్నాలు కనిపిస్తాయి. వాటికి సరిగ్గా 1 అంగుళం కింద, 65-66 బండికైతే ⅛ అంగుళం వెనక్కి, రెండు కొత్త కన్నాలు వేయాలి. ఈ కొలతకి ఇనప టెంప్లేట్ దొరుకుతుంది, పాత కన్నాలకి బిగించి దాన్ని బట్టి వేయొచ్చు. టేపుతో కొలిచి వేసేవాళ్లూ ఉన్నారు, నేను ఒప్పుకోను, రెండు పక్కలా ఒకేలా రావడం కష్టం. ముందు సన్న బిట్‌తో దారి చేసుకుని, చివర్న 17/32 బిట్ పెట్టు. అక్కడ ఇనుము రెండు పొరలు. మొదటి పొర దాటగానే డ్రిల్లు ఒక్కసారి లోపలికి జారుతుంది, రెండో పొర తగలగానే మణికట్టు మెలిపెట్టేస్తుంది. రెండు చేతులతో పట్టుకో, నిదానంగా తిప్పు, నూనె చుక్కలు వేస్తూ ఉండు. నీలంగా కాలిన చుట్టలు రాలుతున్నాయంటే వేగం ఎక్కువైందని. కన్నాలు అయ్యాక పచ్చి ఇనుముకి రంగు పూయడం మర్చిపోకు. బండి ముందు భాగం కూడా అర అంగుళానికి పైన దిగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కింది ఆర్మ్ కదల్లేదు కాబట్టి టై రాడ్ లెక్క పెద్దగా చెదరదు, నాకు ఈ పని నచ్చడానికి అదీ ఒక కారణం. 1 అంగుళం కంటే ఎక్కువ దించాలని ఆశపడకు. అంతకు మించితే పై బాల్ జాయింట్ అడ్డం తిరిగి పట్టేస్తుంది, దానికి వేరే చీలల్లాంటి ముక్కలు పెట్టాలి.

డ్రిల్లు ముట్టుకునే ముందు టార్చ్ వేసి షాక్ టవర్లని చూడు. దాదాపు అరవై ఏళ్ల రేకు. పై ఆర్మ్ బోల్టుల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉంటాయి, రంగు కింద దాక్కుంటాయి. వైర్ బ్రష్‌తో గీకి చూస్తేనే కనిపిస్తాయి. పగుళ్లున్న టవర్‌కి ఏ సస్పెన్షన్ వేసినా దండగే, ముందు వెల్డింగ్ చేయించు. ఆ రెండు టవర్లూ వీ8 బరువుకి లోపలికి వాలకుండా ఇంజన్ వెనకున్న గోడకి కలిపే ఎక్స్‌పోర్ట్ బ్రేస్ ఒకటి వెయ్. విదేశాలకి పంపే బండ్లకి ఫోర్డ్ వాళ్లు వేసేవాళ్లు గనక ఆ పేరు.

వెనక యాక్సిల్ గురించి నువ్వు అడగలేదు, కానీ ముందు ఐదు బోల్టులు, వెనక నాలుగు బోల్టులతో ఎలా తిరుగుతావు? పైగా నీ దాంట్లో ఉన్న 7¼ అంగుళాల గేర్ సెట్ వీ8 ముందు ఎక్కువ రోజులు నిలవదు. 8 అంగుళాల యాక్సిల్ చూడు, 65-66 వీ8ది దొరికితే 57¼ అంగుళాల వెడల్పు, ఏ పనీ లేకుండా పడుతుంది. దొరక్కపోతే మావరిక్ వీ8ది 56½ ఉంటుంది, పనికొస్తుంది. చాలామంది 1995-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ది 8.8 అంగుళాల యాక్సిల్ తెస్తారు, డిస్క్ బ్రేకులతో వస్తుంది, ఐదు బోల్టుల కొలత కూడా అదే. కానీ అది 59½ దాకా ఉంటుంది, టైర్లు ఫెండర్ అంచులకి రాసుకుంటాయి. అందుకే పొడుగు వైపు గొట్టం కోసి, ఇంకో బండి నుంచి రెండో పొట్టి షాఫ్ట్ తెచ్చి వేస్తారు. స్ప్రింగ్ కూర్చునే పెర్చులు తీసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. వాటిని ముందు చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టి ఆపు. బండి బరువంతా చక్రాల మీద నిలబెట్టి పినియన్ (డ్రైవ్ షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ ముక్కు) కోణం కొలిచాకే పూర్తి వెల్డింగ్. గాల్లో వేలాడుతున్న బండికి కోణం పెట్టి, తర్వాత 60 మైళ్ల దగ్గర గజగజ వణికించుకున్నవాళ్లని ముగ్గురిని చూశాను.

ఫోర్డే కాదు, మిగతా వాళ్లదీ ఇదే కథ. షెవ్రొలే వైపు 1967-69 కమారో, 1968-74 నోవా, 1964-72 షెవెల్ ఒకే డిస్క్ స్పిండిల్ పంచుకుంటాయి, హాయిగా మార్చుకోవచ్చు. 1970 తర్వాతి కమారోది తెచ్చి షెవెల్‌కి వేస్తే మాత్రం అది దాదాపు అంగుళంన్నర పొడుగు. పై ఆర్మ్ నెత్తి మీదకి లేచిపోతుంది, పొట్టి ఆర్ములు కొనకపోతే కాంబర్ సర్దడమే కుదరదు. క్రైస్లర్ వాళ్ల ఆనాటి ప్లిమత్, డాడ్జ్ బండ్లలో ముందు కాయిల్ స్ప్రింగే లేదు, టార్షన్ బార్, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాణ్ని, అంబాసిడర్ ముందు భాగం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు, దాంట్లోనూ టార్షన్ బారే. క్రైస్లర్ బార్లు మాత్రం ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఫ్యాక్టరీలో ఒక వైపుకి మెలిపెట్టి సిద్ధం చేస్తారు. తారుమారు చేస్తే కొన్నాళ్లకి విరుగుతాయి. డార్ట్, వాలియంట్‌ల బార్లు పెద్ద బండ్ల బార్ల కంటే దాదాపు 5 అంగుళాలు పొట్టి, బలవంతం చేసినా పట్టవు. అది ఒకందుకు మంచిదే.

అంతా బిగించాక అలైన్‌మెంట్ షాపుకి వెళ్లినప్పుడు 1966 పుస్తకంలో అంకెలు పెట్టనివ్వకు. అవి ఆనాటి బయాస్ టైర్లకి రాసినవి. రేడియల్ టైర్లకి కాంబర్ మైనస్ అర డిగ్రీ, కాస్టర్ (పక్క నుంచి చూస్తే బాల్ జాయింట్ల గీత వెనక్కి వాలే కోణం) ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, టో లోపలికి ⅛ అంగుళం అని చీటీ రాసి ఇవ్వు. షిమ్ములతో పని అంటే చాలామంది కుర్రాళ్లు మొహం చాటేస్తారు. పెద్ద వయసు మెకానిక్ ఉన్న షాపు చూసుకో.

ఆ గ్రానడా ఆయనకి వద్దని చెప్పే ముందు ఒక్కటి అడుగు: ఆయన దగ్గర 8 అంగుళాల వెనక యాక్సిల్ గాని ఉందేమో. ఉంటే ఒక వైపు డ్రమ్ము ముఖం నుంచి రెండో వైపు డ్రమ్ము ముఖం దాకా టేపు పెట్టి కొలిచి అంకె ఇక్కడ పెట్టు. నీ షాక్ టవర్ల ఫొటోలు కూడా పెట్టు, వైర్ బ్రష్‌తో గీకిన తర్వాతవి.